వంటింటి కిటికీ

తాను ఆరు నెలలుగా లక్సెంబర్గ్‌లోనే లేనని, పక్కనున్న ఫ్రాన్సులో ఉన్నానని, అందుకే నివాస అనుమతి రద్దయిందని నర్సు ఇందుమతికి రాత్రి డ్యూటీ నుంచి రాగానే ఫోనులో తెలిసింది. పది రోజుల్లో దేశం విడిచి వెళ్లాలి.

అక్కడి రూలు ప్రకారం మధ్యాహ్నం పన్నెండుకు ఫోను ఏ దేశం టవర్‌ పట్టుకుంటే, మనిషి ఆ రోజు ఆ దేశంలో ఉన్నట్టు లెక్క.

"అప్పుడు ఈ మంచం మీదే కదా పడి ఉంటాను చక్రీ? ఫోను ఫ్రాన్సుకెలా వెళ్లింది? రాత్రంతా ఇక్కడి రోగులకి సూదులేసింది నా దయ్యమా?"

భర్త చక్రధర్ స్టవ్ ఆపి వచ్చి ఆమె పక్కన కూర్చున్నాడు.

"నేనే ఇందూ. నువ్వు పడుకోగానే ఫోను తీసి వంటింటి కిటికీలో పెట్టేవాణ్ణి. అక్కడ సరిహద్దు అవతలి టవర్ తగులుతుంది. దేశం దాటిన ఫోనుకి ఆసుపత్రి నుంచి అదనపు డ్యూటీ పిలుపు రాదు. నాలుగు గంటలైనా నిద్రపోతావని."