కాయని వాటా

స్కూటర్ షెడ్డు కోసం మా ఆయన సున్నంతో గీసిన గీత సరిగ్గా కానరేగు పొద మొదట్లోంచి పోయింది.

"ఈసారి పూతకు కూడా కాయకపోతే కొట్టేస్తా. తర్వాత నన్నేమీ అనకు" అన్నాడు.



ఎనిమిదేళ్లుగా ఏటా పూస్తోంది. ఒక్క కాయ నిలవలేదు. నీళ్లు పోశాను, ఎరువు వేశాను, ముళ్లు గుచ్చుకున్నా కలుపు తీశాను. రోజూ దేవుడి పటం ముందు నిలబడి అడిగాను.

మా మామగారు ఎక్కడో కొండల్లోంచి తెచ్చిన మొక్కలివి. ఊరు మొత్తానికి రెండే. ఇప్పుడు ఆ కొండల్లో కూడా కనబడడం లేదంటారు.

ఇల్లు పంచుకున్నప్పుడు చెరొకటి తవ్వి తెచ్చుకున్నాం. కాయలతో ఉన్న మొక్క మాకు వచ్చింది. ఉత్త మొక్క ఊరికి అటు చివరకు మారిన మా బావగారి వాళ్లకు పోయింది.

ఆ రోజు నుంచి నాకూ మా తోడికోడలికీ మాటల్లేవు. నేను అక్కా అని పిలిచిన మనిషే. నా మొక్క కాయడం మానేస్తే, అక్క ఏడుపే తగిలిందనుకున్నాను.

ఒక పూల రెమ్మ తుంచి నర్సరీ తాతకు చూపించాను.

"ఇది ఆడదమ్మా. దీనికి మగది ఏదీ?"

"చెట్లలో ఆడా మగా ఏంటి తాతా?"

"బొప్పాయిలో చూళ్లేదా? మగది పూస్తుంది, కాయదు. అది దగ్గర్లో ఉంటేనే ఆడది కాస్తుంది. ఊరికి అటు చివర ఎక్కడో ఉంటే లాభం లేదు. తేనెటీగకు బస్సెక్కడం రాదు కదా!"

తన జోకుకు తనే నవ్వుకున్నాడు.

నాకు నవ్వు రాలేదు. ఆ మగది ఎవరి పెరట్లో ఉందో నాకు తెలుసు.

రెండు రోజులు ఇంట్లో గిన్నెలు ఎత్తి కుదేశాను.

"ఎనిమిదేళ్లు దేవుణ్ణి అడిగావు. మా వదిన్ని ఒక్కసారి అడగలేవా?" అన్నాడు మా ఆయన.

దేవుణ్ణి అడగడమే తేలిక. ఆయన తిరిగి ఏమీ అనడు.

అక్కది గడియారాల రిపేరు కొట్టు. నేను వెళ్లేసరికి ఒక కంటికి భూతద్దం బిగించుకుని, పట్టకారుతో వెంట్రుకంత స్ప్రింగును ఎత్తుతోంది.

మా గోడ గడియారం బల్ల మీద పెట్టాను.

చెవి దగ్గర పెట్టుకుని వింది. వెనక్కి తిప్పి చూసింది.

"ఇది బాగానే నడుస్తోందే. దేనికొచ్చావు?"

చెప్పాను. భూతద్దం తీయకుండానే వింది.

"నీ చెట్టు ఇంకా ఉందా అక్కా?"

"ఉండక?"

"కాయని చెట్టును ఎనిమిదేళ్లు ఎందుకుంచావు?"

"పూస్తోంది కదే."

మర్నాడు ఆరుంబావుకు మా గేటు చప్పుడైంది.

అక్క మొదటి బస్సులో వచ్చింది. చేతిలో టిఫిన్ డబ్బా. అందులో తడిగుడ్డలో చుట్టిన పూల రెమ్మలు.

కానరేగు పువ్వుకు రేకులుండవు. మిరియపు గింజంత ఉంటుంది. అక్క కంటికి భూతద్దం పెట్టుకుని, పట్టకారుతో మగపువ్వును పట్టుకుని, ఆడపువ్వు నడినెత్తిన ఒక్కసారి ఆనించేది. ఆనించిన ప్రతి పువ్వు కాడకూ ఒక ఎర్ర దారప్పోగు చుట్టేది.

పువ్వు కందలేదు. ఆమె చేతి మీద ఒక్క ముల్లు గీత పడలేదు. కొమ్మలు వంచి పట్టుకున్నందుకే నా చేతులు చీరుకుపోయాయి.

"మా వదిన పెళ్లిళ్ల పేరయ్య అవతారం ఎత్తింది" అన్నాడు మా ఆయన.

"ముందు నువ్వు ఆ గొడ్డలి లోపల పెట్టు మరిదీ."

రోజూ అంతే. కాఫీ ఇస్తే తాగేది. ఎనిమిదింటికి లేచి చీర దులుపుకుని కొట్టు తెరవడానికి వెళ్లిపోయేది. పాత మాట ఒక్కటీ ఎత్తలేదు.

ఆ చేతులను చూస్తుంటే, ఇన్నేళ్లూ దేవుడు నా మాట వినలేదా, లేక విని ఊరుకున్నాడా అని సందేహం వచ్చేది.

నాలుగో రోజు నేనే ఉండబట్టలేకపోయాను.

"అక్కా, ఆ రోజు కాయలు చూసే ఈ మొక్క తీసుకున్నాను. మామగారు ఇది మాకే ఇమ్మన్నారని అబద్ధం చెప్పాను."

పట్టకారు ఆగలేదు.

"తెలుసు. కొమ్మ కదపకు, పుప్పొడి రాలిపోతుంది."

నేను కదపలేదు. కళ్లు తుడుచుకోవడానికి కూడా చెయ్యి వదల్లేదు.

తొమ్మిదో రోజు అక్క ఒక దారప్పోగు దగ్గర ఆగింది. భూతద్దం తీసి నా కంటికి పెట్టింది.

పచ్చగా, నున్నగా, నువ్వుగింజంత ఉబ్బు.

పక్కన ఇంకొకటి. ఆ పైన మరొకటి.

మా ఆయన కూడా చూశాడు. చాలాసేపు చూశాడు. "షెడ్డు అటుపక్క వేస్తేనే బండికి నీడ బాగుంటుంది" అన్నాడు.

పన్నెండో రోజుకు ఆఖరి పువ్వు మిగిలింది. అదీ అయ్యాక అక్క పట్టకారును పైటకొంగుతో తుడిచి సంచిలో వేసుకుంది.

"అయిపోయినట్టే. ఇక నువ్వు నీళ్లు పోసుకుంటే చాలు."

గేటు దాకా వెంట వెళ్లాను.  బస్సు వచ్చింది, ఎక్కింది.

మర్నాడు పొదకు ఒక్క పువ్వు లేదు.

అయినా ఆరింటికే వెళ్లి గేటు గడియ తీసి వచ్చాను.