పాలిస్తే రాదన్న మాట

మున్నీ తల్లీ,

మీ అక్క ఇరమ్ పోయిన రోజు ఏలూరు ఆసుపత్రిలో జరిగిందంతా నీకు చెప్పలేదు. ఇప్పుడు రాస్తున్నాను.

డాక్టరమ్మ బయటికొచ్చి, తల్లినని నన్ను కేకలేసింది. "తొమ్మిది నెలల బిడ్డ చంకలో ఉండగా మళ్లీ కడుపేంటమ్మా? అది పోవడానికని డాక్టరుకి చూపించకుండా మందుల షాపులో మాత్రలు కొనుక్కుని మింగడమేంటి? మొదటి కాన్పు ఆపరేషనైన మనిషి కదా, ఆ పాత కుట్టు దగ్గర గర్భసంచి చిరిగి రక్తమంతా పోయింది!"

"బిడ్డ పాలు తాగుతుంటే కడుపు రాదనుకుందండీ" అన్నాను.

"అది ఆరు నెలల లోపు మాటమ్మా. అదీ ఒట్టి తల్లిపాలే ఇస్తూ, నెలసరి మొదలవకుండా ఉంటేనే. మీ బిడ్డ ఉగ్గు తింటోందిగా! ఎవరు చెప్పారు ఆ అమ్మాయికి?"

"నేనేనండీ" అన్నాను.

మీ అక్క ఆ సంగతి ఫోన్లో అడిగింది నిన్నేనని నాకు తెలుసు. "రాదులే అక్కా" అన్నావు. డాక్టరు చదువుతున్న చెల్లెలు చెప్పిందని నిశ్చింతగా ఉండిపోయింది.

అయినా నేను అబద్ధమాడలేదు మున్నీ. మీ చిన్నప్పుడు వీధిలో బాలింతలందరికీ ఆ మాట చెప్పింది నేనే. నా పక్కన కూర్చుని విన్నావు. పుస్తకం తియ్యకుండా నా మాటే చెప్పేశావు.

చదువు మానేస్తానంటున్నావట, అన్నం ముట్టడం లేదట. మీ హాస్టలు పిల్ల ఫోన్ చేసింది. ఒకదాన్ని మట్టిలో పెట్టాను. ఇంకోదాన్ని పెట్టే శక్తి నాకు లేదు. ఆ పాఠం చదువు. వచ్చిన ప్రతి తల్లికీ సరిగ్గా చెప్పు.

ఇరమ్ బిడ్డ డబ్బాపాలు తాగనని ఏడుస్తోంది. నువ్వైనా కడుపునిండా తిను.