మూడు బంతులు

“ఇంక ఆ ఫ్యాక్టరీ గేటు తొక్కొద్దు బొజ్జన్నా” అన్నాడు డాక్టర్ రంగనాథ్, బల్ల మీదున్న రెండు కవర్లలో పైదాన్లోని ఎక్స్‌రే ఫిల్మును లైటు పెట్టెకు తగిలించి చూస్తూ.

బొజ్జన్న కల్లూరులో గ్రానైటు బండల అంచులు గ్రైండరుతో నూరుతూ ఇరవై రెండేళ్లు గడిపిన మనిషి. చెవుల వెనక ఇంకా తెల్లపొడి ఉంది. పక్కన అతని భార్య పెద్దక్క కొంగు నోటికి అడ్డం పెట్టుకుని ఏడుస్తోంది, మధ్య మధ్య దగ్గుతోంది. ఎట్లాగూ తోడొచ్చింది కదా అని ఇందాక నర్సు ఆమెనూ మిషను ముందు నిలబెట్టింది.

డాక్టరు పెన్ను కొనతో ఫిల్మును చూపిస్తూ పోయాడు. గొంతులోంచి దిగిన గొట్టం కొమ్మలుగా, రెమ్మలుగా చీలుతుందట. రెమ్మల చివర ఆవగింజ కన్నా చిన్న గాలితిత్తులు కోట్ల కొద్దీ ఉంటాయట. పీల్చిన గాలి నెత్తుట్లో కలిసేది అక్కడే. రాతిపొడి అక్కడికి చేరిందంటే ఇక బయటికి రాదు. చుట్టూ కండ గట్టిపడిపోతుంది. ఫిల్ము నిండా జొన్నలు చల్లినట్టున్న మచ్చలన్నీ అవే.

“మందులకు కరుగుతాయా సార్?” అంది పెద్దక్క.

“కరగవమ్మా.”

ఆమె గుండె చెరువైపోయింది. పొద్దున్నే ఉతికిన తువ్వాలు తానే అతని మూతికి బిగించి పంపేదట, అదంతా బూడిదలో పోసిన పన్నీరేనా అని డాక్టరునే నిలదీసింది. ఒక్కనాడైనా విప్పి ఉంటాడని మొగుడి మీద విరుచుకుపడింది. లేదని అతను ఒట్టేశాడు. తిడుతున్నంతసేపూ ఆమె అతని చెయ్యి వదల్లేదు.

“ఏడ్సొద్దులేవే” అన్నాడు బొజ్జన్న. “దుమ్మేదో నేనొక్కన్నే తింటి. ఇంట్లేకి రవ్వంతన్నా రానిచ్చినామా? నాకది సాలు.”

ఆ మాట నిజమే. సాయంత్రం పని నుంచి వస్తే అతను గడప తొక్కడు. వాకిట్లోనే చొక్కా, ప్యాంటు విప్పి పెద్దక్క చేతికిస్తాడు. ఆమె వాటిని గోడకేసి కొట్టి దులుపుతుంది. పొడి రాలడం ఆగేదాకా దులిపి, అప్పుడు బకెట్లో వేస్తుంది. కొత్త కాపురంలో పెట్టుకున్న కట్టుబాటు, ఒక్కరోజూ తప్పలేదు. పెద్దక్క ఇల్లు అద్దమని వీధిలో పేరు.

ఊపిరి ఎంత మిగిలిందో చూద్దామంటూ డాక్టరు మూడు బంతులున్న ప్లాస్టిక్ డబ్బా ఒకటి తీశాడు. బొజ్జన్న గొట్టం నోట్లో పెట్టుకుని ఉఫ్‌మని ఊదాడు. ఊదడం కాదు, పీల్చాలి, పీల్చేకొద్దీ బంతులు పైకి లేస్తాయన్నాడు డాక్టరు. రొమ్ము కింద అడ్డంగా ఒక కండరపు పొర ఉంటుందట. అది కిందికి దిగి, పక్కటెముకలు పైకి లేచి రొమ్ము విచ్చుకుంటే గాలి దానంతటదే లోపలికొస్తుందట.

“ఒక్క బంతి లేసినా సంతోషమే” అన్నాడు. ఆశ లేని గొంతుతోనే అన్నాడు.

బొజ్జన్న పీల్చాడు. మొదటి బంతి లేచింది. రెండోదీ లేచింది. మూడోది పైకప్పుకు టక్కున తగిలి అక్కడే నిలిచింది.

పెద్దక్క కన్నీళ్లతోనే నవ్వేసింది. నవ్వు దగ్గయింది. దగ్గు ఆగేదాకా బల్ల పట్టుకుని నిలబడి, “సూస్తిరా సార్! నా మొగునికి ఏం గాలేదు. శానా గట్టోడు” అంది.

డాక్టరు నవ్వలేదు. మళ్లీ పీల్చమన్నాడు. మళ్లీ మూడూ లేచాయి. ఈ ఊపిరితిత్తులతో ఒక్కటి కూడా లేవకూడదే అని గొణుక్కుంటూ లైటు పెట్టె దగ్గరికి వెళ్లి, ఫిల్ము మూలనున్న చిన్న అక్షరాలు చదివాడు.

తర్వాత వచ్చి, డబ్బాకు కొత్త గొట్టం తగిలించి, దాన్ని పెద్దక్క చేతిలో పెట్టాడు.

“ఇప్పుడు నువ్వు పీల్చమ్మా. ఆ ఫిల్ము నీది.”