అంటుకోని గీతలు

“ఇదే ఆఖరి ముక్కండీ. కొట్టెయ్యనా?” అని అడిగింది కంగారు.

“కొట్టమ్మా. నీకిచ్చిన టైము పన్నెండింటి దాకానే,” అన్నాడు యంత్రం చూసుకునే ఇంజనీరు.

కంగారు ఆమె అసలు పేరు కాదు. ల్యాబులో సీనియర్లు పెట్టారు. బీకరు జారినా కంగారే, లెక్క తప్పినా కంగారే. ఆరేళ్లు వినీ వినీ తన చేతులు దేనికీ పనికిరావని ఆమే నమ్మేసింది.

గాలి తీసేసిన ఉక్కు పెట్టెలో మెంతిగింజంత స్ఫటికం ఉంది. దాని నెత్తిన జిగురుతో ఒక చిన్న పుల్ల నిలబెట్టారు. బయటి నుంచి కడ్డీతో ఆ పుల్లను కొడితే పైపొర ఊడిపోయి లోపలి తాజా ముఖం బయటపడుతుంది. దాని మీద కాంతి పడగానే ఎలక్ట్రాన్లు ఎగిరొస్తాయి. వాటి శక్తి తెర మీద రెండు గీతలుగా కనబడుతుంది. ఆ గీతలు ఒక్క బిందువు దగ్గర అంటుకుంటే అది టోపలాజికల్ సెమీమెటల్, దేశదేశాలవాళ్లు వెతుకుతున్న వింత పదార్థం. మధ్యలో సందుంటే అందులో ఏ వింతా లేనట్టే.

పదేళ్ల కిందట ఇదే యంత్రం మీద, ఇదే పదార్థంలో, గీతలు అంటుకున్నాయని చూపించింది ఆమె గైడే. ఆ ఒక్క బొమ్మతో సార్ పేరు మారుమోగిపోయింది. దాన్నే మరింత స్పష్టంగా తీసి చూపించడం కంగారు థీసిస్. నాలుగు రోజుల్లో తొమ్మిది ముక్కలు కొట్టింది. తొమ్మిదింటిలోనూ వెంట్రుకవాసి సందు.

సార్ పల్లెత్తు మాట అనలేదు. ముక్క చెడిపోయి ఉంటుందనీ, యంత్రం రిజిస్టరులో ‘స్ఫటికం పాడు, కొలత లెక్కలోకి రాదు’ అని రాసి ఇంకోటి కొట్టమనీ ప్రతిసారీ ఫోనులో ఓపిగ్గా చెప్పారు. ఆ మాటతో ఆమెకు కొండంత ధైర్యం వచ్చేది. తొమ్మిదిసార్లూ అక్షరం పొల్లుపోకుండా అలాగే రాసింది.

పదో ముక్క కొట్టింది. పొర శుభ్రంగా ఊడింది. ఇంజనీరు కూడా కుర్చీ దగ్గరకు లాక్కున్నాడు. తెర మీద గీతలు నెమ్మదిగా తేలాయి, ఒకదాని వైపు ఒకటి వంగాయి, దగ్గరకొచ్చి ఆగిపోయాయి. అదే సందు. ఆమె ప్రాణం ఉసూరుమంది.

ఫోను చేసి సార్‌కు చెప్పింది.

“పోనీలేమ్మా. అందరి చేతికీ ఈ పని లొంగదు. రిజిస్టరు రాసేసి వచ్చెయ్యి. థీసిస్ సంగతి ఇక వదిలేద్దాం,” అన్నారాయన.

అంత నెమ్మదిగా చెప్పారు కాబట్టి ఆరేళ్లు పోయాయని అర్థం కావడానికి ఆమెకు ఒక నిమిషం పట్టింది. తనని చదివించడానికి తన చదువు మానుకున్న అక్కకు ఏం చెప్పాలో తోచలేదు. అయినా కోపమంతా తన మీదే. దేవుడిలాంటి మనిషి ఇచ్చిన స్ఫటికాలన్నీ నాశనం చేశానని కుమిలిపోతూ, పదోసారీ అదే వాక్యం రాసింది.

ఇంజనీరు మంచినీళ్లు తెచ్చిచ్చాడు. ఆమె కళ్లు తుడుచుకుని, సార్ ఆ బొమ్మ తీసిన నాటి రిజిస్టరు ఉందా అని అడిగింది. ఆయన ఎలా కొట్టారో, ఎంత చల్లబరిచారో చూస్తే తన చెయ్యి ఎక్కడ తప్పిందో కనీసం తెలుస్తుంది.

“ఎందుకుండదూ? ఇక్కడ ఏదీ పారెయ్యం,” అంటూ అతను బీరువా తీశాడు. దుమ్ము దులిపి, తేదీ వెతికి, పేజీ తెరిచి ఆమె ముందు పెట్టాడు.

నోట్సు రాసుకుందామని పెన్సిలు తీసుకుని కంగారు ముందుకు వంగింది.

పేజీ చివర, పన్నెండో ముక్క పక్కన ‘గీతలు అంటుకున్నాయి’ అని ఉంది. దాని పైన అదే వాక్యం, సార్ చేతిరాతలో, పదకొండుసార్లు ఉంది.