పెద్దాయన పిలుపు

“అదిగో, మళ్ళీ పిలస్తన్నాడే కనకా!”

గంజి కాస్తున్న సోములమ్మ గరిటె చేత్తో పట్టుకునే లోపలికి వచ్చింది. కనక పుస్తకం మీంచి తలెత్తింది. బల్ల మీది రేడియో సెట్టు కూస్తోంది. పొట్టి కూతలు, పొడుగు కూతలు. ఆ వరుస ఆమెకు ఎప్పటినుంచో తెలుసు. అది ఆమె భర్త ధర్మ గుర్తు. హామ్ రేడియో వాళ్ళు ఒకరినొకరు లైసెన్సుతో వచ్చిన గుర్తుతోనే పిలుచుకుంటారు.

పలకడానికి ధర్మ లేడు. కిందటి వానల్లో ఘాట్ రోడ్డు మీద బండి జారి చనిపోయాడు.

“మా గుంటడు లేడు, పిలవకు అని నొక్కేయరాదేటే?” అంది అత్త.

“లైసెన్సు లేకుండా ఆ కూతలు కొట్టే కీ ముట్టకూడదత్తా. నీ కొడుకు నన్నెప్పుడైనా ముట్టనిచ్చాడా?”

“పరీచ్చ ఎప్పుడు మరి?”

“వచ్చే నెల.”

“ముందూ అలాగే అన్నావు.”

కనక పుస్తకంలో పేజీ తిప్పింది. ముందుసారి తప్పింది.

ధర్మ డుంబ్రిగుడ దగ్గర బడిలో మాస్టారు. పెద్ద తుపానుకు ఫోన్లన్నీ మూగబోయినప్పుడు, విశాఖ నుంచి సెట్లు మోసుకొచ్చిన వాళ్ళను చూసి ఈ విద్య నేర్చాడు. రోజూ పొద్దుగూకే వేళ శ్రీకాకుళం సముద్రం ఒడ్డున ఉండే ఒకాయనతో ఈ కూతల్లోనే కబుర్లాడేవాడు. ఒకరి ముఖం ఒకరు చూసుకోలేదు. “పెద్దాయన చెయ్యి చూడాలే, వడగళ్ళు పడ్డట్టే!” అని మురిసిపోయేవాడు. ఆ పెద్దాయన గుర్తేమిటో కనక ఏనాడూ అడగలేదు.

కొడుకు పోయాక కూడా సోములమ్మ సాయంత్రం కాగానే సెట్టు పెట్టేది. పెద్దాయన కొన్నాళ్ళు పిలిచాడు. తర్వాత ఆగిపోయాడు. చలికాలం వచ్చాక మళ్ళీ పిలుపు మొదలైంది. కానీ మునుపటి వడి లేదు. చెయ్యి తడబడుతోంది, మధ్యలో ఆగుతోంది.

“జబ్బు సేసి లేసినట్టున్నాడు,” అంది సోములమ్మ.

కనకకూ అలాగే అనిపించింది. లేనివాడి జవాబు కోసం ఎదురుచూస్తూ ఆ ముసలాయన కూడా పోతాడేమోనని బెంగ పట్టుకుంది. అప్పుడే పుస్తకం తెరిచింది.

పగలంతా కాఫీ పళ్ళ కోత. బుట్ట దించేసరికి నడుం పట్టేసేది. పది చదివి వదిలేసిన బుర్రకి కరెంటు లెక్కలు, రేడియో చట్టాలు ఎక్కేవి కావు. చదువుతూ చదువుతూ గోడకి తల ఆన్చి నిద్రపోయేది. అక్షరాల కూతలు మాత్రం గంజి గిన్నె మీద వేలితో కొట్టుకుంటూ నేర్చుకుంది. అర్థం కానివి గుట్టెక్కి, సిగ్నల్ దొరికే చోటు నుంచి విశాఖ హామ్ రేడియో క్లబ్బు రవిబాబుని ఫోన్లో అడిగేది.

“కనకమ్మా, ఇంత అవస్థ దేనికి?” అన్నాడాయన ఒకనాడు. “ఇప్పుడు కూతలు చదవడం వచ్చింది కదా. ఆయన గుర్తు చెప్పు, అడ్రసు తీసి నేనే ఉత్తరం రాస్తాను.”

“వద్దు బాబూ. మా ఆయన పెద్దాయనతో మాటాడింది ఈ పెట్టెలోంచే. నేనూ ఇందులోంచే సెప్తాను.”

రెండోసారి కిరండూల్ పాసింజరెక్కి విశాఖ వెళ్ళింది. పరీక్ష రాసి వచ్చి, ఒళ్ళెరగకుండా పడుకుంది. పాసయిందని రవిబాబు చెప్పినప్పుడు సంతోషపడే ఓపిక కూడా లేకపోయింది. లైసెన్సు చేతికి వచ్చేసరికి మళ్ళీ వానలు దిగాయి.

ఆ సాయంత్రం పిలుపు వచ్చింది. కనక కీ ముందు కూర్చుంది. సోములమ్మ పక్కనే చతికిలబడింది.

“సెప్పేస్తే ఇంక పిలవడు కదే?”

“పిలవడత్తా.”

“ఆ కూత ఇంటే మా గుంటడు ఇంకా ఏ పక్కింట్లోనో ఉన్నట్టే ఉండేది.” ముసలామె చెంగుతో ముక్కు తుడుచుకుంది. “సరే, సెప్పెయ్యి. పాపం, ముసలోడు ఎన్నాళ్ళని పిలుత్తాడు!”

కనక కీ మీద వేలు పెట్టింది. వచ్చిన నాలుగు ఇంగ్లీషు ముక్కల్లోనే, ఒక్కో అక్షరం కూడబలుక్కుంటూ కొట్టింది. ధర్మ పోయాడు. ఏడాది అయింది. నేను ఆయన భార్యని. క్షమించండి.

అటువైపు చప్పుడు లేదు. బయట రేకుల మీద వాన.

“ఏటే, పడిపోయాడా ఏటి?” అంది సోములమ్మ భయంగా.

“ఉండత్తా... కొడతన్నాడు.”

కూతలు ఆగి ఆగి వచ్చాయి. కనక ఒక్కో అక్షరమే పోగేసుకుంది.

“నాన్న కూడా లేరు, నేను ఆయన కూతుర్ని.”