ఒంటిరంగు తొడుగు

"తొడుక్కోను పో!" గుడ్రున్ ఆ ఒంటిరంగు తొడుగును బల్ల మీదికి విసిరికొట్టింది.

రిహార్సల్ హాల్లో అందరూ అటు తిరిగారు. బెర్లిన్ నాటకశాలల్లో బట్టలు విప్పడం కొత్తేం కాదు. కానీ ఇక్కడ విప్పేది అరవై తొమ్మిదేళ్ల గుడ్రున్. వేషం తల్లి శవం. కూతురి వేషం వేసే స్వెన్యా సబ్బు చేతులతో, గోరువెచ్చని నీళ్లతో ఆ శవానికి స్నానం చేయిస్తుంది. ఏడు నిమిషాలు. ఒక్క మాట ఉండదు.

ప్రదర్శనలు మొదలైన ఈ రెండు వారాలుగా, ఇది కళా, చవకబారు సంచలనమా అని పేపర్లు కొట్టుకు చస్తున్నాయి. రాసినవాళ్లంతా ఆ ఏడు నిమిషాలూ కళ్లార్పకుండా చూసినవాళ్లే!

"పదో వరస నుంచి తొడుగుందని ఎవడికీ తెలీదు," దర్శకుడు మాల్టె బతిమాలాడు. గుడ్రున్‌కి కొడుకు వయసువాడు. "గొడవ చల్లారుతుంది. ఈ దృశ్యానికి నగ్నత్వం నిజంగా అవసరమా? నువ్వే చెప్పు."

"మీ ఇంట్లో శవానికి బనీను తొడిగి స్నానం చేయిస్తారా?"

ఎవరో కిసుక్కుమన్నారు.

"నీకు సిగ్గనిపించదా?" మెల్లగా అడిగింది స్వెన్యా.

"సిగ్గా! తూర్పు జర్మనీ రోజుల్లో, రోస్టాక్ సముద్రతీరంలో మా పంతులమ్మ, పోస్టుమాను, పార్టీ కార్యదర్శితో సహా అందరం ఒంటి మీద నూలుపోగు లేకుండానే ఈదాం. నా దగ్గర కొత్తగా చూసేదేముందే?"

"నటనైనా సరిగ్గా చెయ్యి మరి," మాల్టె విసుక్కున్నాడు. "శనివారం శవం కళ్లు తడిశాయి. ముందు వరసవాళ్లు చూశారు."

"సబ్బు పడింది."

"తొడుగుంటే ఆ బాధే ఉండదు. స్వెన్యా నీ మొహం, చేతులు తుడిస్తే చాలు. రెండు నిమిషాల్లో అయిపోతుంది."

గుడ్రున్ లేచింది. దర్జీ బుట్టలోంచి కత్తెర లాగి తొడుగును నిలువునా చీల్చింది.

"ఉన్నది ఉన్నట్టు ఉంటేనే నేనుంటా. లేదంటే ఇంకో శవాన్ని వెతుక్కో."

మాల్టె చేతులెత్తేశాడు.

అందరూ గుంపుగా క్యాంటీన్‌కి పోయారు. గుడ్రున్ మేకప్ గదిలో కూర్చుని తెచ్చుకున్న రొట్టె ఒక్కతే తింది. గెలిచిన మొండిదాన్ని ఎవరు పిలుస్తారు?

సాయంత్రం హాలు నిండింది. గుడ్రున్ బల్ల మీద పడుకుని కళ్లు మూసుకుంది. స్వెన్యా దుప్పటి తీసేసి చేతులకు సబ్బు రాసుకుంది.

"తొందరపడకు పిల్లా," పెదవి కదపకుండా గొణిగింది శవం. "వీపు మర్చిపోకు."

తడి అరచేయి ఆమె భుజం మీద ఆనింది.

భర్త పోయిన ఈ ఆరేళ్లలో, ఆ బల్ల మీద తప్ప, గుడ్రున్ ఒంటి మీద మరో మనిషి చెయ్యి పడలేదు.