నల్లరేగడి పటం

రాత్రి నున్నగా ఉన్న చేను తెల్లారేసరికి నెర్రెలు విచ్చింది.

డ్రాయింగు మాస్టరు ఆనందం తల పట్టుకున్నాడు.

కర్నూలు రాష్ట్ర రాజధాని అయిన మరుసటి ఏడు అది. ఊళ్లో చిత్రకళా ప్రదర్శన పెడుతున్నారు.

"నీ పటం అక్కడ గోడకెక్కితే నీ ఉద్యోగం ఖాయం చేయమని పైకి రాస్తాను. లేకుంటే వేసవి సెలవులతో సరి" అన్నాడు హెడ్మాస్టరు.

పటం ఇవ్వడానికి గడువు ఆ సాయంత్రమే.

పొలాలను అందరూ రంగులతో వేస్తారు. ఆనందం పాత తలుపుచెక్క మీద గోనెపట్ట అతికించి, ఇసుకతో గుట్టలు లేపి, తుమ్మబంకలో కలిపిన నల్లరేగడి మట్టినే చేనుగా పరిచాడు. ఆ మట్టిని బడి జవాను పెద్దన్న ఎవరో కూలి మనిషి చేత మోయించుకొచ్చాడు.

ఆమె పేరు మద్దమ్మ. గంప దించిన నాటి నుంచి పనికి పోతూ ఒకసారి, గంజి తాగే వేళ ఒకసారి వచ్చి వరండాలో పటం ముందు కూర్చుంటోంది. ఎందుకో ఆనందానికి అంతుపట్టలేదు.

ఈవేళా వచ్చింది.

"ఆ సున్నం ఏంటికప్పా?"

"నెర్రెలు పూడ్చడానికి. దీపం మసి కలిపితే నల్లగా కలిసిపోతుంది."

మద్దమ్మ కొంగు అడ్డం పెట్టుకుని నవ్వింది.

"ఎండకాలం నెర్రె ఇయ్యకుంటే అది రేగడెట్లయితాది? పూడ్చేస్తే తొలివాన యాడ దిగాల?"

"ఇందులో వాన పడదమ్మా!"

"పడదని నువ్వెట్ల చెప్తావు?"

ఆనందం ఆమెను ఎగాదిగా చూశాడు. ఈమె అమాయకురాలా, తనను ఆటపట్టిస్తోందా?

నెర్రెలన్నీ పూడ్చి, పాఠం చెప్పడానికి వెళ్లాడు.

మధ్యాహ్నం తిరిగొచ్చేసరికి మద్దమ్మ తుమ్మముల్లుతో చివరి నెర్రెలో సున్నం గీకుతోంది. మిగిలినవన్నీ అప్పటికే తెరుచుకున్నాయి.

"ఏం పని ఇది! ఎవరు చేయమన్నారు?"

"ఊపిరాడకుండా మూసినావు గదప్పా. తీసేస్తాండా."

"పో అవతలికి! మళ్లీ ఈ గడప తొక్కావంటే ఊరుకోను!"

మద్దమ్మ ముల్లు కింద పెట్టి, చేతులు కొంగుకు తుడుచుకుంది.

"ఒక్క నెర్రె మిగిలింది" అని మాత్రం అని వెళ్లిపోయింది.

మళ్లీ పూడ్చే వ్యవధి లేదు. ఆనందం సిగ్గుతోనే పటాన్ని అప్పగించి వచ్చాడు.

మూడోనాడు ప్రదర్శనలో ఆ పటం ముందే జనం ఆగారు. పరీక్షకుడు కళ్లద్దాలు సవరించుకున్నాడు.

"పొలాలు చాలామంది వేశారు మాస్టారూ. వేసవిని మీరొక్కరే వేశారు. ఈ నెర్రెలు ఇలా రాబట్టడం ఎక్కడ నేర్చుకున్నారు?"

ఆనందం చూపు సున్నం తీయకుండా మిగిలిన ఆ ఒక్క నెర్రె మీదికి పోయింది.

హెడ్మాస్టరు మాట నిలబెట్టుకుని పైకి రాశాడు. ఆ సాయంత్రమే ఆనందం పెద్దన్నను వెంటబెట్టుకుని మట్టి తెచ్చిన చోటికి బయలుదేరాడు.

అక్కడ మట్టి కనబడలేదు. కొత్త గిడ్డంగి పునాదులు లేచాయి. లోపలంతా బండలు పరిచేశారు.

"మద్దమ్మ ఏదీ?"

"పునాది పని అయిపాయ గదా సార్. కోడుమూరు దిక్కు యాడికో కూలికి పోయింది. యాడని ఎతుకుతాము?"

"మనం వాడిన మట్టి ఇక్కడిదేనా?"

"ఈడిదే. మొన్నటిదాంకా ఇది చేనే. ఎవురో షావుకారు కొని గిడ్డంగి కట్టిస్తాండాడు."

ఆనందానికి ఒక్కసారిగా అంతా అర్థమైనట్టనిపించింది. ఇన్నాళ్లూ ఆమె వచ్చి కూర్చున్నది పటం ముందు కాదు!

"అయితే ఈ చేను మద్దమ్మదన్నమాట."

పెద్దన్న విడ్డూరంగా చూశాడు.

"ఆమెదెట్లయితాది సార్? ఆమెకు సెంటు భూమి గూడా లేదు. ముప్పై ఏండ్లు ఈ చేన్లో కూలికి కలుపు తీసిండాది, అంతే."